పొగ ఉంది సరే, పెట్టిందెవరు?

1989 జూలై 1న లాస్ వేగస్‌లో యూఎఫ్‌ఓ (గుర్తు తెలియని ఎగిరే వస్తువుల) పరిశోధకుల వార్షిక సభ జరుగుతోంది. వేదిక మీదకు విలియం మూర్ వచ్చాడు. 1947లో న్యూ మెక్సికోలో ఎగిరే పళ్లెం కూలిందన్న, జనం మరిచిపోయిన రోజ్‌వెల్ ఉదంతాన్ని తవ్వి తీసి 1980లో పుస్తకంగా తెచ్చిన ఇద్దరిలో ఒకడు. సభలో చాలామందికి అతనంటే గురి. ఆ రోజు అతను ఒక సంగతి బయటపెట్టాడు. కొన్నేళ్లుగా అమెరికా వైమానిక దళ గూఢచారులకు సాటి పరిశోధకుల సంగతులు చేరవేస్తున్నానని చెప్పాడు. పాల్ బెన్నెవిట్జ్ అనే మనిషికి తప్పుడు కాగితాలు అందించడంలో తన చెయ్యి కూడా ఉందని ఒప్పుకున్నాడు. హాల్లో కొందరు కేకలు వేశారు, కొందరు లేచి వెళ్లిపోయారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఎగిరే పళ్లేల మీద వాదన మొదలైతే ఈ సామెత రాక తప్పదు: ఇంతమంది చూశారంటే, ఇన్ని రహస్య పత్రాలున్నాయంటే, లోపల ఏదో ఉండే ఉంటుంది కదా! మూర్ మాటల్ని బట్టి చూస్తే, నిప్పు అక్కర్లేకుండానే పొగ పెట్టే పనికి జీతం తీసుకునే మనుషులున్నారు.

బెన్నెవిట్జ్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ నడిపేవాడు. వైమానిక దళానికీ పరికరాలు అమ్మేవాడు. ఇల్లు కర్ట్‌లాండ్ వైమానిక స్థావరం పక్కనే. ఆ స్థావరంలోని మంజానో కొండల కింద అణ్వాయుధాల గోదాములుండేవి. 1979, 80ల్లో రాత్రిపూట అటువైపు వెలుగులు కదలడం చూసి ఫిల్మ్ తీశాడు. సొంతంగా యాంటెన్నాలు కట్టి ఏవో రేడియో సిగ్నళ్లు పట్టాడు. అవి వేరే గ్రహం వాళ్ల మాటలేనని తేల్చుకుని, బాధ్యత గల పౌరుడిలా వెళ్లి స్థావరం అధికారులకే చెప్పాడు.

ఆయన పట్టిన సిగ్నళ్లు నిజమైనవేననీ, అవి స్థావరంలో జరుగుతున్న రహస్య ప్రయోగాలవనీ ఈ ఉదంతాన్ని తవ్విన వాళ్లలో చాలామంది అంచనా. అధికారులు ‘అవి మావే, ఇక ఆపండి’ అంటే రహస్యాన్ని ఒప్పుకున్నట్టే. అందుకని ఆయన నమ్మకాన్నే ఇంకాస్త పెంచి, చూపును స్థావరం మీద నుంచి దూరంగా మళ్లించే దారి పట్టారు. ఆ పని చేసినవాడు రిచర్డ్ డోటీ, వైమానిక దళ దర్యాప్తు విభాగం ఏజెంటు. పూనకం వచ్చినవాణ్ణి పట్టుకుని ఆపకుండా డప్పు జోరు పెంచినట్టన్నమాట.

డప్పు బాగానే మోగింది. కొలరాడో సరిహద్దు దగ్గర డుల్సే అనే చిన్న ఊరుంది. అక్కడి ఆర్చులేటా కొండ కింద గ్రహాంతరవాసులకు భూగర్భ స్థావరం ఉందని బెన్నెవిట్జ్ గట్టిగా నమ్మాడు. తెలిసినవాళ్లందరికీ ఉత్తరాలు, నివేదికలు పంపాడు. నిద్ర పోయింది, తిండి తగ్గింది. ఇంటికి అదనపు తాళాలు వేసుకున్నాడనీ, తుపాకులు, కత్తులు దగ్గర పెట్టుకున్నాడనీ, రాత్రిపూట గోడల్లోంచి వచ్చి ఇంజెక్షన్లు ఇస్తున్నారని చెప్పేవాడనీ మూర్ తన ప్రసంగంలో వర్ణించాడు. 1988లో కుటుంబం ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. 2003లో చనిపోయాడు. డుల్సే భూగర్భ స్థావరం మాత్రం చావలేదు. యూట్యూబ్‌లో వెతికితే దాని అంతస్తుల ప్లాన్లు కూడా దొరుకుతాయి.

డోటీ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో చాలా ఒప్పుకున్నాడు. అవి ఎంతవరకు నమ్మాలన్నది వేరే చిక్కు. అబద్ధం చెప్పడమే ఉద్యోగంగా చేసినవాడు ‘అప్పుడు అబద్ధం చెప్పాను’ అంటే, ఇప్పుడు చెప్పేది నిజమని పూచీ ఎవరు పడతారు? ఈ ప్రశ్నకు సమాధానం లేకపోవడమే ఈ రంగాన్ని ఇలా చేసింది. గూఢచారి ఖండించినా అనుమానమే, ఒప్పుకున్నా అనుమానమే. 1984 డిసెంబరులో మూర్ స్నేహితుడికి తపాలాలో ఒక ఫిల్మ్ రోల్ వచ్చింది. కడిగి చూస్తే ‘మెజెస్టిక్ 12’ అనే, కూలిన పళ్లేల వ్యవహారం చూడటానికి వేశారన్న అతి రహస్య కమిటీ పత్రాలు. అవి బూటకమని ఎఫ్‌బీఐ తేల్చింది. వాటి మీద ఉన్న అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ సంతకం 1947 నాటి మరో ఉత్తరం నుంచి తెచ్చి అతికించిందని విమర్శకులు పక్కపక్కన పెట్టి చూపించారు. అయినా నేటికీ ‘దాచడానికే బూటకమన్నారు’ అనేవాళ్లు ఉన్నారు.

ఈ పద్ధతి 1980లలో పుట్టింది కాదు. సైన్యం భాషలో సైకలాజికల్ ఆపరేషన్స్, పొట్టిగా సైఆప్స్ అనే ఈ విద్యకు అమెరికాలో పెద్దదిక్కు ఎడ్వర్డ్ లాన్స్‌డేల్. యుద్ధానికి ముందు అతను ప్రకటనల రంగంలో పనిచేశాడు. సరుకు అమ్మాలంటే ముందు జనం మనసులో ఏముందో తెలియాలన్న పాఠం అక్కడే నేర్చుకుని ఉంటాడు. 1950ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో హుక్ కమ్యూనిస్టు గెరిల్లాలను అణచడానికి సాయంగా వెళ్లాడు. అక్కడి పల్లెల్లో ‘అస్వాంగ్’ అనే రక్తం పీల్చే పిశాచం మీద నమ్మకం ఉంది. గెరిల్లాలున్న కొండ మీద అస్వాంగ్ తిరుగుతోందని ముందు పుకారు వదిలారు. రెండు రాత్రులు ఆగి, కాపు కాసి, గస్తీ దళంలో చివరివాణ్ణి పట్టుకున్నారు. మెడ మీద రెండు గాట్లు పెట్టి, రక్తం కార్చేసి, శవాన్ని తిరిగి దారిలో పడేశారు. తెల్లారేసరికి దళం కొండ ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ‘అట’ అనడానికి కారణం ఉంది. ఈ కథకు ప్రధాన ఆధారం లాన్స్‌డేల్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలే. ప్రకటనల మనిషి తన సరుకు గురించి తానే రాసుకున్నాడు మరి.

తర్వాతి మజిలీ వియత్నాం. 1955 కొత్త సంవత్సరానికి అతని బృందం జ్యోతిష్కుల చేత ఒక పంచాంగం రాయించింది. ఉగాది నాడు మనం ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చూసుకున్నట్టే అక్కడా కొత్త ఏడాది ఫలాలు చూసుకుంటారు. ఆ పంచాంగంలో ఉత్తరాది కమ్యూనిస్టులకు గడ్డుకాలం, దక్షిణాదికి మంచిరోజులు అని రాసి ఉంది. ఈ సంగతి పెంటగాన్ పేపర్లలో (వియత్నాం యుద్ధంపై అమెరికా రక్షణ శాఖ రహస్య పత్రాలు) బయటపడిన ఆ బృందం సొంత నివేదికలోనే ఉంది. పదేళ్లు దాటాక అదే దేశంలో అమెరికా సైన్యం రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి, అడవుల్లో లౌడ్‌స్పీకర్ల నుంచి ‘దయ్యం టేపులు’ వినిపించింది. అయినవాళ్లకు దూరంగా చచ్చి, అంత్యక్రియలు లేక తిరుగుతున్న ఆత్మ ఏడుపు అది. అక్కడి వాళ్లకు ఆ భయం ఎంత లోతైనదో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. అపర కర్మలు జరగని ప్రాణం ప్రేతమై తిరుగుతుందన్నది మన ఇళ్లలోనూ ఉన్న మాటే.

క్యూబా విషయంలో మరీ తలకిందుల ఊహ ఒకటి వచ్చింది. క్రీస్తు మళ్లీ వస్తున్నాడని ద్వీపమంతా ప్రచారం చేసి, ఒక రాత్రి జలాంతర్గామి నుంచి ఆకాశంలోకి వెలుగు గుండ్లు పేల్చి, కాస్ట్రో మీద జనాన్ని లేపాలన్నది ఆ ఆలోచన. 1975లో అమెరికా సెనేట్ విచారణలో ఒక అధికారి దీన్ని లాన్స్‌డేల్ ప్రతిపాదనగా చెప్పాడు. లాన్స్‌డేల్ కాదన్నాడు. అది అమలు కాలేదు. ఆకాశంలో వెలుగు చూపించి నమ్మకాన్ని తిప్పొచ్చన్న ఆలోచన మాత్రం అప్పటికే గూఢచారుల బల్ల మీద ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

బ్రిటిష్ వాళ్లూ తక్కువ తినలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లూయీ డి వోల్ అనే జ్యోతిష్కుణ్ణి జీతానికి పెట్టుకున్నారు, జర్మన్ జ్యోతిష పత్రికలకు నకళ్లు అచ్చేశారు. అటు నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ కూడా నోస్ట్రడామస్ పద్యాలను తమకు అనుకూలంగా తిప్పించి కరపత్రాలు వేయించాడు. దీనికంటే ఆలోచించదగ్గది ఉత్తర ఐర్లాండ్ ఉదంతం. 1973, 74ల్లో అక్కడి పత్రికల నిండా చేతబడి వార్తలే. పాడుబడ్డ ఇళ్లలో నల్ల కొవ్వొత్తులు, తలకిందులుగా పెట్టిన శిలువలు దొరికాయి. లిస్‌బర్న్‌లోని సైనిక కేంద్రంలో సమాచార అధికారిగా పనిచేసిన కోలిన్ వాలెస్, ఇందులో కొంత తమ విభాగం చేసిన పనేనని తర్వాత చెప్పాడు. సాయుధ ముఠాలు సైతానుతో చేతులు కలిపాయన్న భయం పుట్టాలి, పిల్లలు చీకటి పడ్డాక వీధుల్లోకి రాకూడదు. క్యాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ దేనిమీదా ఏకాభిప్రాయం లేని చోట ఇద్దరికీ సైతానంటే భయమే! సామాజికశాస్త్రవేత్త రిచర్డ్ జెంకిన్స్ ఆ కాలపు వార్తలన్నీ పోగుచేసి పరిశీలించాడు. ఆ పరిశీలన చదివితే ఒకటి అర్థమవుతుంది. ఎంత పుకారు సైన్యం వదిలిందో, ఎంత దానంతట అదే పాకిందో విడదీయడం దాదాపు అసాధ్యం. నాలుగు కొవ్వొత్తులు పెట్టడం వరకే అధికారి పని. మిగతాది ఊరే చూసుకుంది.

ఇప్పుడు ఎగిరే పళ్లేల దగ్గరికి వద్దాం. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ వాషింగ్టన్ రాష్ట్రంలో రైనియర్ శిఖరం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు చూశాననడంతో పత్రికలు ఆ పేరు పుట్టించాయి. 1952 జూలైలో దేశ రాజధాని మీదే రాడార్లలో వింత గుర్తులు కనపడ్డాయి. ఆ ఏడాది సీఐఏ అధిపతి వాల్టర్ బెడెల్ స్మిత్ మానసిక యుద్ధ వ్యూహ మండలికి ఉత్తరం రాస్తూ, ఈ వ్యవహారానికి మానసిక యుద్ధంతో సంబంధం ఉన్నట్టుందని చెప్పాడు. ఆయన భయం అంగారకుల గురించి కాదు, రష్యా గురించి. సోవియట్ బాంబర్లు నిజంగా వచ్చిన రోజున పళ్లేలు చూశామంటూ వేల ఫోన్లు వస్తే రక్షణ వ్యవస్థ ఊపిరాడక కూర్చుంటుంది. 1953 జనవరిలో భౌతికశాస్త్రవేత్త రాబర్ట్‌సన్ అధ్యక్షతన సీఐఏ కూర్చోబెట్టిన నిపుణులు, ఈ మోజును మీడియా ద్వారా తగ్గించాలనీ, పళ్లేల క్లబ్బుల మీద కన్నేసి ఉంచాలనీ సిఫారసు చేశారు. వాల్ట్ డిస్నీ సంస్థ పేరు కూడా ఆ చర్చలో వచ్చింది.

1955 ఆగస్టు నుంచి యూ-2 గూఢచారి విమానం ఎగరడం మొదలైంది. అప్పటి ప్రయాణికుల విమానాలకు అందనంత ఎత్తు, 60 వేల అడుగుల పైన. కింద చీకటి పడ్డాక కూడా దాని రెక్కల మీద ఎండ మెరిసేది. సీఐఏ తన సొంత చరిత్రలో రాసుకున్నదాని ప్రకారం, ఆ దశాబ్దం చివరా 60లలోనూ వచ్చిన యూఎఫ్‌ఓ ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ విమానాలూ వీటి తర్వాతి తరం విమానాలే. ఆ సగం లెక్క మీద వివాదం ఉంది, అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిందే అనిపిస్తుంది కూడా. ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఫిర్యాదులు చూసే అధికారులకు నిజం తెలిసినా బయటికి మంచు స్ఫటికాలనీ, ఉష్ణోగ్రత తేడాలనీ చెప్పేవారు. అంటే 1950లలో రహస్యం కాపాడటానికి ‘అక్కడేమీ లేదు’ అన్నారు. 1980లలో బెన్నెవిట్జ్ దగ్గర అదే అవసరానికి ‘అవును, వాళ్లే వచ్చారు’ అన్నారు. గ్రహాంతరవాసులు ఉన్నారా లేరా అన్నది ఏ అధికారికీ పట్టలేదు. విమానం దాగిందా లేదా అన్నదే లెక్క.

మరి క్షుద్రవిద్యలు, గుప్తవిద్యలు ఈ కథలోకి ఎక్కడ వచ్చాయి? వచ్చాయనడం కంటే ముందే ఉన్నాయనడం సబబు. 1952 నవంబరు 20న కాలిఫోర్నియా ఎడారిలో శుక్రగ్రహం నుంచి వచ్చిన మనిషిని కలిశానన్న జార్జ్ ఆడమ్‌స్కీ కొత్త మనిషేమీ కాదు. 1930లలోనే ‘రాయల్ ఆర్డర్ ఆఫ్ టిబెట్’ పేరుతో గుప్తజ్ఞానం బోధించినవాడు. అప్పట్లో టిబెట్ నుంచి వచ్చిన జ్ఞానం ఇప్పుడు శుక్రుడి నుంచి వచ్చింది, అంతే. అదే కాలంలో జార్జ్ వాన్ టాసెల్ మొజావీ ఎడారిలో ఒక పెద్ద బండరాయి కింద కూర్చుని ‘అష్టార్’ అనే అంతరిక్ష సేనాని మాటలు పలికేవాడు. మన ఊళ్లో అయితే దాన్ని పూనకమే అంటారు.

ఈ వంశవృక్షం వేరు పట్టుకుని వెనక్కి వెళ్తే మద్రాసులోని అడయారు చేరతాం. అక్కడ కేంద్రం ఉన్న దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) సాహిత్యంలో భూలోకాన్ని నడిపించే మహాపురుషుల పైన సనత్ కుమారుడు అనే ప్రభువు ఉంటాడు. ఆయన శుక్రగ్రహం నుంచి దిగివచ్చాడంటారు. పేరు మన పురాణాల సనక సనందనాదులదే, చిరునామా మాత్రం మార్చారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు తీరంలో చూసి, రాబోయే జగద్గురువుకు వాహనం ఇతడేనని ప్రకటించిన ఆ సమాజం నాయకుడు లెడ్‌బీటర్ ఈ శుక్రగ్రహ ప్రభువుల గురించి విస్తారంగా రాసినవాడే. 1929లో కృష్ణమూర్తి తన కోసం కట్టిన సంస్థను రద్దు చేసి బయటికి నడిచాడు. అమెరికాలో మాత్రం ఆ ఊహలు ఆగలేదు. షాస్టా పర్వతం మీద మహాపురుషుణ్ణి కలిశానన్న గై బల్లార్డ్ 1930లలో రాసిన వాటిలోనే శుక్రగ్రహ అతిథులు కనిపిస్తారు. ఆర్నాల్డ్ పళ్లేలు చూడటానికి పదేళ్లకు పైగా ముందు మాట ఇది. పళ్లెం తర్వాత వచ్చింది, అతిథి ముందే వచ్చాడు. ఇందులో గూఢచారుల చెయ్యి వెతకడం దండగ. ఎవరూ కుట్ర పన్నకుండానే ఒక మతభావం యంత్రం వేషం వేసుకుంది.

ఇక ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే ఆధారాలు కాకతాళీయాలే. రాకెట్ ఇంధన నిపుణుడు, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వ్యవస్థాపకుల్లో ఒకడైన జాక్ పార్సన్స్ బ్రిటిష్ గుప్తవిద్యల గురువు అలిస్టర్ క్రౌలీ శిష్యుడు. 1946లో ఎల్. రాన్ హబ్బర్డ్‌ను పక్కన పెట్టుకుని ఒక దేవతను ఆవాహన చేసే క్రతువు చేశాడు. మరుసటి ఏడాది పళ్లేలు కనపడ్డాయి కాబట్టి ఆ క్రతువే తలుపు తెరిచిందంటారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఇంకొకటి మైకేల్ అక్వినో. సైఆప్స్ అధికారి, 1975లో ‘టెంపుల్ ఆఫ్ సెట్’ అనే గుప్త మతసంఘం స్థాపించినవాడు. మానసిక యుద్ధం మీద 1980లో రాసిన పత్రంలో సహ రచయిత. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం నిజమే. ఆ పత్రం మాట్లాడేది మాత్రం యుద్ధానికి ముందే జనం మనసు గెలవడం గురించి, పళ్లేల గురించి కాదు. సైన్యంలో లక్షలమంది ఉంటారు, వాళ్లలో ఒకడికి వింత మతం ఉండటం పెద్ద విశేషం కాదు.

కాకతాళీయం అని కొట్టేయలేని దారం ఒకటుంది. హబ్బర్డ్ తర్వాత సైంటాలజీ అనే కొత్త మతం స్థాపించాడు. 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో సీఐఏ డబ్బుతో దూరదృష్టి ప్రయోగాలు మొదలయ్యాయి, అంటే గదిలో కూర్చుని మనోదృష్టితో శత్రువు స్థావరాలు చూడటం. వాటిని నడిపిన హెరాల్డ్ పుట్‌హాఫ్, ముఖ్య ‘ద్రష్ట’ ఇంగో స్వాన్ ఇద్దరూ అప్పట్లో సైంటాలజీలో ఉన్నవాళ్లే. సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, గూఢచర్యానికి ఇది పనికిరాలేదని 1995లో మూసేశారు. 2008లో రక్షణ గూఢచార సంస్థ 2.2 కోట్ల డాలర్లతో మరో కార్యక్రమం నడిపింది. కాంట్రాక్టు రాబర్ట్ బిగెలో అనే వ్యాపారి కంపెనీకి దక్కింది. సలహాదారుల్లో మళ్లీ పుట్‌హాఫ్ ఉన్నాడు. కాగితం మీద అది భావి విమాన సాంకేతికత అధ్యయనం. ఖర్చులో కొంత యూటాలోని ఒక పశువుల క్షేత్రంలో దయ్యాలు, వింత జంతువుల వేటకు పోయింది. దీన్ని మానసిక యుద్ధం అనడం కష్టం. ఇక్కడ గూఢచారులు ఎవరినీ మోసం చేయలేదు. వాళ్లే భక్తులు. ఒక చిన్న గుంపు, ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఒకే నమ్మకాన్ని ఒక బడ్జెట్ నుంచి ఇంకో బడ్జెట్‌కు మోసుకెళ్లారు. మహా కుట్ర సిద్ధాంతాల కంటే ఈ మామూలు మానవ వ్యవహారమే ఎక్కువ వివరిస్తుంది.

అయితే మోసగాడికీ భక్తుడికీ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. గుప్త సంఘానికీ రహస్య విభాగానికీ కట్టుబాట్లు ఒకటే: మెట్టు మెట్టుగా దీక్ష, బయట చెప్పనన్న ప్రమాణం, పై మెట్టువాడికే అసలు నిజం తెలుసన్న నమ్మకం. కింది మెట్టు మీద నిలబడ్డవాడు పైనుంచి వచ్చిన దేన్నయినా మంత్రోపదేశంలా తీసుకుంటాడు.

2025 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది ఇదే. పెంటగాన్ యూఎఫ్‌ఓ కార్యాలయం పాత ఫైళ్లు తవ్వుతుంటే, 1980లలో ఒక వైమానిక దళ కల్నల్ ఏరియా 51 అనే రహస్య స్థావరం దగ్గరి బార్‌లో నకిలీ పళ్లేల ఫొటోలు ఇచ్చిన సంగతి బయటపడింది. రాడార్‌కు దొరకని కొత్త ఫైటర్ విమానాన్ని కప్పిపుచ్చడానికి ఆ పని చేశారు. ఇంకో సంగతి దీనికంటే విచిత్రం. అతి రహస్య కార్యక్రమాల్లో కొత్తగా చేరిన కమాండర్లకు ఒక పళ్లెం ఫొటో చూపించి, దాని పేరు ‘యాంకీ బ్లూ’ అనీ, అందులోని గురుత్వాకర్షణను ఎదిరించే యంత్రాన్ని విప్పి చూస్తున్నామనీ చెప్పి, ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకునేవారట. కాలేజీలో సీనియర్లు చేసే ర్యాగింగ్ లాంటిది. ఇది దశాబ్దాల పాటు సాగింది. ఆపమని రక్షణ మంత్రి కార్యాలయం నుంచి 2023లో ఆదేశం వెళ్లింది. అది అబద్ధమని ఆ కమాండర్లలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. వాళ్లు రిటైరై ఇళ్లకు వెళ్లారు, ఆ రహస్యాన్ని భార్యకు కూడా చెప్పకుండా.